సిద్ధముగానున్న నాటకమునకు దారిబత్తెము

(సమాఖ్య సాంస్కృతిక ఉపసంఘ సమావేశమున చేసిన ప్రసంగపు పాఠము)



నేటి కార్యక్రమ పత్రమును చూచితిని. ఖాళీల భర్తీ, పింఛను, పనిగంటలు ముందున్నవి. ‘కళాకారుల పర్యటనలకు ప్రభుత్వ సహాయము’ అను అంశము అట్టడుగున, భోజన విరామమునకు ముందు ఉన్నది. దీనికి నేను నొచ్చుకొనుట లేదు. ఇంటికి బియ్యము తెచ్చిన పిమ్మటనే ఎవరైనను పూలు కొనెదరు. అయినను ఒక మాట మనవి చేసెదను. ఈ అంశమును కళా విషయముగా గాక రవాణా విషయముగా వినుడని కోరుచున్నాను. వస్తువు ఒకచోట తయారై పడియున్నది. దానిని కోరువారు నూరు మైళ్ల దూరమున ఉన్నారు. నడుమ చేరవేత ఖర్చు భరించువాడు లేడు. ఈ కష్టమేమో రైల్వే ఉద్యోగికి, తపాలా ఉద్యోగికి తెలిసినంతగా మరియొకరికి తెలియదు.

నా ఉద్యోగ జీవితములో అధిక భాగము పార్శిలు ఆఫీసులో గడచినది. ఎనబదవ దశకము చివర నేనొక జంక్షనులో పనిచేయుచుండగా, ఒక రాత్రి పదునాలుగు మంది గల నాటక సమాజము వచ్చినది. కళాకారుల రాయితీ టిక్కెట్లు వారివద్ద ఉన్నవి కనుక మనుషుల ప్రయాణము చౌకగనే సాగినది. కాని వారి వెంట చుట్టిన తెరలు, రెండు ఇనుప పెట్టెలు, దీపముల డబ్బాలు, ఒక కొయ్య సింహాసనము ఉన్నవి. అన్నిటిని కాటా మీద పెట్టి తూచితిని. నేను చెప్పిన మొత్తము విని సమాజ నాయకుడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “బాబుగారూ, సింహాసనం తీసేస్తే ఎంత తగ్గుతుంది?” అని అడిగినాడు. తీసి మరల తూచితిని. కొంత తగ్గినది. అంతట సింహాసనమును మావద్దనే విడిచి, తక్కినవి బ్రేకువానులో వేయించుకొని వెళ్లినారు. నాలుగు దినములు అది మా గోడౌనులో ఉన్నది. మా హమాలీ ఒకడు దానిపై కూర్చుండి టీ త్రాగెడివాడు. నిబంధన ప్రకారము దానికి వార్ఫేజి వేయవలెను. నేను వేయలేదు. పదవీ విరమణ అయినది కావున ఇప్పుడు ధైర్యముగా చెప్పుచున్నాను.

తిరుగు ప్రయాణములో వారు సింహాసనము కొరకు వచ్చినప్పుడు, అది లేకుండ నాటకమెట్లు ఆడినారని అడిగితిని. ఆ ఊరి హైస్కూలు హెడ్మాస్టరుగారి కుర్చీకి ఎర్రగుడ్డ చుట్టినారట. ఉత్తమ ప్రదర్శన బహుమతి కూడ వచ్చినదట. సంతోషించి, “మళ్లీ ఎక్కడ ఆడతారు?” అంటిని. “ఇంకెక్కడ బాబుగారూ, ఇది అయిపోయింది. వచ్చే పరిషత్తుకి కొత్తది రాయిస్తున్నాం” అన్నాడు. నాలుగు నెలలు రాత్రులు మేల్కొని సాధన చేసిన నాటకము, బహుమతి పొందిన నాటకము, నాలుగైదు ప్రదర్శనలతో అటకెక్కినది. ఆ సమాజములో ఇద్దరు తపాలా ఉద్యోగులని, ఒకరు బడిపంతులని తరువాత తెలిసినది. జీతపు డబ్బుతో నాటకము కట్టుకొన్నవారు అంతకుమించి ఏమి చేయగలరు?

ఈ సంగతిని లెక్కగా చూడుడు. నాటకమునకు రెండు విధముల ఖర్చు కలదు. రచన, సాధన, దుస్తులు, తెరలు మొదలగు వాని ఖర్చు ఒక్కమారు పెట్టునది. ప్రయాణము, బస, భోజనము, హాలు అద్దె ప్రతి ఊరిలోను పెట్టవలసినది. మొదటి ఖర్చు నూరు పాళ్లనుకొన్నచో, ఒక్క ప్రదర్శనతో నాటకము ఆగినప్పుడు ఆ నూరు పాళ్లును ఆ ఒక్క రాత్రి నెత్తిననే పడును. పది ఊళ్లలో ఆడినచో రాత్రికి పది పాళ్లు, ఏబది ఊళ్లలో ఆడినచో రెండు పాళ్లు మాత్రమే పడును. మంచి నాటకము తిరిగినకొలది చౌక అగును. నటులకు పాత్రపై పట్టు కుదురునది కూడ పదవ పదునైదవ ప్రదర్శనకే అని రంగస్థలము ఎక్కిన వారందరును ఎరుగుదురు. కాని రెండవ ఖర్చునకు దిక్కులేనప్పుడు మొదటి ఖర్చు వ్యర్థమగును. బావి త్రవ్వించుటకు డబ్బు ఇచ్చి, చేదకు, చేంతాడునకు ఇవ్వకపోయినట్లు ఉండును.

మన ప్రభుత్వము కళలకు ఏమియు ఇచ్చుట లేదనుట న్యాయము కాదు. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖవారి రెపర్టరీ గ్రాంటు కింద ఒక సమాజములోని గురువునకు నెలకు 15,000 రూపాయలు, గరిష్ఠముగా 18 మంది శిష్యులకు వయస్సును బట్టి 2,000 నుండి 10,000 రూపాయల వరకు ఇచ్చు పద్ధతి కలదు. ఉత్సవములకు, నూతన నిర్మాణములకు 5 లక్షల రూపాయల వరకు, విశేష సందర్భములలో 20 లక్షల వరకు ఇచ్చు మరియొక పథకము కలదు. 1985-86 సంవత్సరములలో నెలకొల్పిన ఏడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రములు ఉన్నవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు తంజావూరు కేంద్రమునందును, నాగపూరు కేంద్రమునందును సభ్యులే. ఈ కేంద్రములు కళాకారులను ఉత్సవములకు పిలిచి ప్రయాణపు ఖర్చులు, పారితోషికము ఇచ్చుచున్నవి. ఇవి అన్నియు మంచివే. కాని వీని పోకడ గమనించుడు. ఒకటి మనిషిని పోషించును. ఒకటి క్రొత్తదానిని పుట్టించును. ఒకటి ఉత్సవమునకు పిలిచి మరునాడు సాగనంపును. పుట్టి, ఆడి, మెప్పు పొందిన నాటకమును వరుసగా ఇరువది చిన్న పట్టణములకు పంపుట ఎవరి ముఖ్య కర్తవ్యముగను కనబడదు. ఉత్సవములో ఆడినది ఆ నగరపు ప్రేక్షకులే చూచెదరు. డోన్‌లోని గ్యాంగుమనిషి, డోర్నకల్‌లోని పోస్టుమాను చూడరు.

పర్యటన వలన ఏమి ఒరుగునని అడుగువారికి మన చరిత్రలోనే జవాబు ఉన్నది. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజము వారు రాజమండ్రికి వచ్చి పాక వేసి నాటకములాడినారు. అప్పటికి ఆ ఊరికి రైలు కూడ లేదు. వారు వెళ్లిపోయిన పిమ్మట మిగిలిన ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ శిష్యులచేత తెలుగు నాటకములు ఆడించినారు. పొరుగు భాషవారు సిద్ధముగా తెచ్చుకొన్న నాటకములే ఆడి వెళ్లినారు గాని, వారి రాక వలన మన ఊరికి రంగస్థలము మిగిలినది, మనమును ఆడవలెనన్న పౌరుషము పుట్టినది.

1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున కీచకవధ ఆడి ప్రారంభమైన సురభివారి కథ మీకందరకు తెలిసినదే. తోలుబొమ్మలాడించు కుటుంబముల నుండి వచ్చినవారు, ఆడవేషములు ఆడవారిచేతనే వేయించినవారు, ఒక ఊరిలో రేకుల పాక వేసి నెలల తరబడి రాత్రికొక నాటకము ఆడి, మరల పాక విప్పుకొని వేరొక ఊరికి కదలినవారు. మాయాబజారును వారు తరతరములుగా ఆడుచున్నారు. లడ్డూలు గాలిలో ఎగిరి ఘటోత్కచుని నోటిలో పడుటను తాతతో చూచినవాడు మనుమనికి చూపినాడు. సిద్ధముగానున్న కృతిని ఊరూర త్రిప్పి బ్రతుకుటకు తెలుగునాట వారిని మించిన ఉదాహరణము లేదు. వారి సమాజములు ఒకప్పుడు అనేకము. నేడు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. పలు కుటుంబములు హైదరాబాదు శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో స్థిరపడినవి. 2013లో ఆ సంప్రదాయమునకు చెందిన నాగేశ్వరరావుగారికి, అనగా సురభి బాబ్జీగారికి పద్మశ్రీ ఇచ్చి ప్రభుత్వము గౌరవించినది. ఆయన 2022లో కీర్తిశేషులైనారు. బిరుదు ఇచ్చిన చేతితోనే, పాక విప్పి మరియొక ఊరికి కదలుటకు బండి బాడుగ కూడ ఇచ్చియున్నచో ఎంత బాగుండెడిది!

ఇక మన శాఖ సంగతికి వచ్చెదను. రైల్వేలో కళాకారులకు రాయితీ యుండెడిది. ప్రదర్శనకై ప్రయాణము చేయువారికి రెండవ తరగతిలోను, స్లీపరులోను ఛార్జీలో 75 శాతము, పై తరగతులలో 50 శాతము తగ్గించెడివారు. కోవిడ్ కాలమున, 2020 మార్చి 20 నుండి విద్యార్థులకు, కొన్ని వర్గముల రోగులకు, దివ్యాంగులకు తప్ప తక్కిన రాయితీలను నిలిపివేసినారు. వృద్ధుల రాయితీ పోయినదని దేశమంతట గొంతు లేచినది. అది న్యాయమే. కాని ఆ జాబితాలోనే కళాకారుల పంక్తి కూడ చెరిగిపోయినదని ఎందరు గమనించినారు? పార్లమెంటులో వారికొరకు అడిగినవారు తక్కువ. మన తీర్మానములలోను ఆ మాట లేదు. నేను పాత తీర్మానముల ప్రతులు తిరగవేసి చూచిన పిమ్మటనే ఈ మాట అనుచున్నాను.

ఇక్కడ మన సోదరులలోనే ఒక అభ్యంతరము కలదు. నిన్న రాత్రి బసలో ఒక మిత్రుడు సూటిగనే అడిగినాడు: “రైల్వేకు ఆదాయం తగ్గితే ఖాళీలు నింపమని మనం ఏ ముఖంతో అడుగుతాం?” ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ప్రతి ప్రయాణీకునికి సగటున 46 శాతము రాయితీ ఇచ్చుచున్నామని, 2022-23లో ఆ మొత్తము 56,993 కోట్ల రూపాయలని మంత్రిత్వశాఖవారు చెప్పినారు. ఆ లెక్క కట్టిన విధమును గూర్చి మనకు వేరు అభిప్రాయము ఉండవచ్చును. అయినను, ఎటులైనను నడచు బండిలో ఖాళీ బెర్తు ఇచ్చుట వలన పోవునదేమి యను పాత వాదమును నేను చేయను. స్లీపరు బోగీలలో కాలు పెట్టుటకు చోటు లేదని టిక్కెట్టు పరీక్షించు సోదరులకు తెలియును. కళాకారునికి ఇచ్చిన బెర్తు వేరొకరికి పూర్తి ధరకు పోయెడిదే. నష్టము నిజమే. కావున నా సూచన ఏమనగా, ఆ నష్టమును రైల్వే ఖాతాలో వ్రాయరాదు. సాంస్కృతిక మంత్రిత్వశాఖ తన పద్దునుండి రైల్వేకు చెల్లించవలెను. నాటకము దేశమునకు అవసరమని తలచినప్పుడు, దాని బండి ఖర్చు ట్రాకుమనిషి ఓవర్‌టైము నుండి తీయుట ధర్మము కాదు. పత్రికలను తక్కువ రుసుమునకు చేరవేయుటవలన వచ్చు లోటును ఎవరు భరించవలెనను వాదము తపాలా సోదరులకు క్రొత్త కాదు. ఇదియు అట్టిదే.

రాయితీ వలన మరియొక మేలు కలదు. దానిని నేను అన్నిటికంటె పెద్దదిగా ఎంచుచున్నాను. గ్రాంటు ఇచ్చువాడు నాటకము చదువును. చదివినవానికి నచ్చనిది ఉండును. ‘మా భూమి’ నాటకమును 1948లో మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. ఆంగ్లేయులు 1876లో చేసిన నాటక ప్రదర్శనల చట్టము స్వతంత్ర భారతమున కూడ డెబ్బది సంవత్సరములు పుస్తకములలో నిలిచి, 2018 ఆరంభమున గాని తొలగలేదు. ప్రభుత్వపు డబ్బు వద్దేవద్దను నాటక దళములు దేశములో ఉన్నవి. వారి అనుమానమునకు కారణము లేకపోలేదు. కాని రైలు టిక్కెట్టు నాటకము చదువదు. నేను చూచిన రాయితీ కాగితములలో ఎంతమంది, ఎక్కడి నుండి ఎక్కడికి అను మాటలే గాని, మూడవ అంకములో రాజు ఏమనునని ఎవరును అడుగలేదు. సర్కారు సహాయము ఎంత గ్రుడ్డిదైన కళాకారునికి అంత క్షేమము.

రాయితీ ఒక్కటే చాలునా? చాలదు. టిక్కెట్టు దొరికినను దిగిన ఊరిలో పిలిచినవాడు ఉండవలెను. దీనికి పొరుగున కర్ణాటకలో మంచి మార్గమున్నది. శివమొగ్గ జిల్లా హెగ్గోడు అను చిన్న గ్రామములో 1949లో పుట్టిన నీనాసం సంస్థ, కె.వి.సుబ్బణ్ణగారి నాయకత్వమున 1985లో ‘తిరుగాట’ అను సంచార నాటక బృందమును ప్రారంభించినది. ఏటేట కొన్ని నాటకములను సిద్ధపరచి, తమ దీపములు, రంగసామగ్రి తామే మోసుకొని, నెలల తరబడి రాష్ట్రమంతట తిరుగుదురు. ఏ ఊరిలో ఆ ఊరి సంఘమువారే పిలిచి, ప్రేక్షకులను సమకూర్చి, ప్రదర్శన రుసుము భరించెదరు. పనిలేక నాటకము ఆడుట వేరు, నాటకమే పనిగా ఊరూర తిరుగుట వేరు అని వారిని చూచినచో తెలియును. మన తెలుగు సమాజములలో నటనకు కొదువ లేదు. పిలుచు సంఘములు, వరుసగా తేదీలు కుదుర్చువారు లేరు.

తేదీలు కుదుర్చుటను గూర్చి రైల్వేవారికి నేను చెప్పనక్కరలేదు. ఈ వారము విశాఖపట్టణము, వచ్చేవారము గుంతకల్లు, ఆపైన మరల రాజమండ్రి అన్నచో అది ఖాళీ రేకును అటునిటు త్రిప్పుటయే. సికింద్రాబాదు, కాజీపేట, విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్టణము, అక్కడి నుండి తెలుగు రైల్వే కుటుంబములు తరతరములుగా నివసించు ఖరగ్‌పూర్ – ఇది ఒకే దారి. ఈ దారిలో పది దినములలో ఆరు ప్రదర్శనలు ఇచ్చినచో ప్రయాణపు ఖర్చు సగమునకు సగము తగ్గును.

పిలుచు సంఘము ఎందుకు జంకును? హాలు నిండనిచో నష్టము ఎవరు కట్టవలెనను భయము. ఈ భయమునకు బ్రిటనులో ఒక మందు కనిపెట్టినారు. యుద్ధకాలమున, 1940లో, సంగీత కళా ప్రోత్సాహక మండలి ఒకటి ఏర్పడినది. అదే 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ అయినది. ఆ మొదటి సంవత్సరముననే లండను ఓల్డ్ విక్ నాటకశాలవారు సిబిల్ థార్న్‌డైక్, లూయిస్ కాసన్ అను ప్రసిద్ధ నటీనటులతో మాక్‌బెత్‌ను వేల్సు బొగ్గుగనుల పట్టణములకు తీసికొనిపోయినారు. గని కార్మికుల హాళ్లలో ఆడినారు. మండలివారు తరచు వాడిన పద్ధతి నష్టపూరణ హామీ. అనగా ముందుగా డబ్బు చేతికి ఇవ్వరు. టిక్కెట్ల వసూలు ఖర్చునకు చాలనిచో, తక్కువ పడినంత మాత్రమే, ముందు ఒప్పుకొన్న హద్దు వరకు చెల్లింతురు. హాలు నిండినచో పైసా కూడ ఖర్చు కాదు. అదే హామీ మరియొక ఊరికి పనికివచ్చును.

ఆ దేశములోనే మనవంటి సంఘములకు ఒక హెచ్చరిక కూడ కలదు. 1960లో బ్రిటిషు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు మహాసభలో, కార్యక్రమ పత్రమున 42వ అంశముగా, కార్మికోద్యమము కళలను పట్టించుకొనవలెనను తీర్మానము నెగ్గినది. నాటక రచయిత ఆర్నాల్డ్ వెస్కర్ ఆ అంకెనే పేరుగా పెట్టుకొని ‘సెంటర్ 42’ స్థాపించినారు. 1961లో వెలింగ్‌బరో పట్టణములోను, 1962లో ఆరు పట్టణములలోను స్థానిక కార్మిక సంఘముల పిలుపుపై ఉత్సవములు జరిపినారు. సంఘములు చప్పట్లు కొట్టినంతగా చందాలు ఇవ్వలేదు. ఉత్సవములు అప్పు మిగిల్చినవి. పిమ్మట లండనులోని రౌండ్‌హౌస్ అను భవనము వారి చేతికి వచ్చినది. అది 1847 నాటి రైలు ఇంజనుల షెడ్డు! దానిని బాగుచేయుటకు డబ్బు ప్రోగుచేయుటలోనే శక్తియంతయు పోయి, 1970లో సెంటర్ 42 ముగిసినది. భవనము మాత్రము నేటికిని ప్రదర్శనశాలగా నిలిచియున్నది. తీర్మానము చేసి ఊరకుండుట ఎంత సులభమో, ఊరూర తిరుగుటకు పుట్టిన సంస్థ ఒక కట్టడమునకు కట్టుబడిపోవుట ఎంత ప్రమాదమో ఈ ఉదంతము చెప్పుచున్నది.

మనకు కట్టడము లోటు లేదు. చెప్పుకోదగిన ప్రతి రైల్వే కాలనీలోను ఇన్‌స్టిట్యూటు హాలు ఉన్నది. ఎన్నికైన కమిటీలు వానిని నడుపుచున్నవి. మన పెద్దలు వానిలో వేషములు వేసినారు. నేడు పెక్కుచోట్ల అవి వివాహములకే తెరచుచున్నారు. స్టాఫ్ బెనిఫిట్ ఫండు కమిటీలలో మన సంఘముల ప్రతినిధులు కూర్చుండుచున్నారు. వినోదమునకై దానిలో ఇచ్చు మొత్తము క్యారమ్ బోర్డులతో, వార్షికోత్సవపు మైకుతో సరిపోవుచున్నది. ఇక తపాలా సోదరుల బలము వేరు. దేశములో లక్షా అరువది వేలకు పైగా తపాలా కార్యాలయములు ఉన్నవి. పదింట తొమ్మిది గ్రామములలోనివే. ఏ ఊరిలో ఏ రాత్రి ఏ నాటకమో జనమునకు చెప్పుటకు ఇంతకంటె పెద్ద యంత్రాంగము ఏ నాటకశాలకును లేదు. సాయంకాలము సంఘ సభ్యులుగా వారు చెప్పు మాట గోడపత్రిక కంటె దూరము పోవును.

కావున ఉపసంఘము పక్షమున నేను ప్రతిపాదించునది ఇది. కళాకారుల రైలు రాయితీని పునరుద్ధరింపవలెనని, దాని వ్యయమును సాంస్కృతిక మంత్రిత్వశాఖ భరించవలెనని, తెరలు, పెట్టెలు మొదలగు రంగసామగ్రికి కూడ అది వర్తింపవలెనని మన కోర్కెల పత్రములో చేర్చవలెను. రాష్ట్ర ప్రభుత్వములు క్రొత్త నాటకములకు ఇచ్చు బహుమతులతోపాటు, బహుమతి పొందిన నాటకము కనీసము పది ఊళ్లు తిరుగుటకు నష్టపూరణ హామీ ఇవ్వవలెనని అడుగవలెను. అడిగి కూర్చుండరాదు. మన వంతుగా ఈ ఏడే, పైన చెప్పిన దారిలో, ఆరు ఇన్‌స్టిట్యూటు హాళ్లను అద్దె లేకుండ ఇప్పించి, ఒక్క సమాజమును ఒక్క నాటకముతో పిలువవలెను. హాలు నిండనిచో పూడ్చుటకు ప్రతి బ్రాంచి తన నిధినుండి కొంత మొత్తము ఎత్తిపెట్టవలెను. నిండినచో ఆ మొత్తము అట్లే ఉండును. ఏ నాటకమన్నది మనము నిర్ణయించరాదు. సమాజమువారు తమకు బాగుగా వచ్చినదే ఆడుదురు.

ఆ ఆరు హాళ్లలో ఏవి ఏ తేదీలకు ఖాళీగా ఉన్నవో నావద్ద జాబితా లేదు. భోజనానంతరము బ్రాంచి కార్యదర్శులు నావద్దకు వచ్చి తమ హాలు పేరు, తేదీ, తెర కట్టుటకు పైన దూలమున్నదో లేదో వ్రాయించవలెనని కోరుచున్నాను.